నూరు అయ్యేదాకా

ఆ పొద్దున ఆ ఇంట్లో ఆరుగురు ఉన్నారు. టీవీ బల్ల పక్కన పీట వేసుకుని కూర్చున్న ముసలమ్మ ఇందిరమ్మ. గడ్డపోతారం కంపెనీలో రాత్రి డ్యూటీ దిగి వచ్చి, ఇంకా మొహమైనా కడుక్కోని ఆమె కొడుకు చంద్రకాంత్. వంటింట్లో అతని భార్య అన్నపూర్ణ. టీవీకి ఎదురుగా చాప మీద అతని చెల్లెలు చంద్రిక. ఆమెను పట్నం దవాఖానకు తీసుకుపోవడానికి సంగారెడ్డి నుంచి కిరాయి కారుతో వచ్చిన ఆమె భర్త శివకుమార్. వంటింటి గుమ్మం దగ్గర, లోపలా కాకుండా బయటా కాకుండా, చంద్రకాంత్ కూతురు మహిత.

ఇందిరమ్మను అడిగితే ఏడుగురు అనేది. టీవీ కింద గుయ్‌మంటూ నడుస్తున్న వీడియో ఆటల డబ్బాను కూడా ఆమె మనిషి కిందే జమకట్టేది.

"ఇగ లేస్తవా, లేవవా?" అన్నాడు శివకుమార్.

"తొంభై ఆరయింది. జెర ఆగు." చంద్రిక టీవీ మీది నుంచి చూపు తిప్పలేదు.

"నేను వచ్చినప్పుడు గూడ జెర ఆగు అన్నవ్."

"అప్పుడు తొంభై నాలుగుండె. పెరుగుతుంది గద, తగ్గుతలేదు గద."

"డాక్టర్ నీ కోసం మంచం పట్టుకొని కూసుంటడా? పగటి బువ్వ యాళ్ళ లోపల రాకుంటే ఇంకొకలకు ఇస్తమన్నరు. ఎంత తిరిగితే దొరికిందో నీకెరుకనా?"

"ఎరుక లేకనా. నేను పోనంటలేను. నూరు కానీ. మందు దొరికిందా, మంచిదే. దొరకలేదా, నోరు మూసుకొని నీ వెంట వస్త. అమ్మ మీద ఒట్టు."

"నా మీదెందుకే ఒట్టు," అన్నది ఇందిరమ్మ. "నీ మొగని మీద పెట్టు. గట్టిగున్నడు."

ఎప్పుడైనా అయితే ఆ మాటకు ఇల్లంతా నవ్వేది. ఇవాళ ఎవరూ నవ్వలేదు.

టీవీ తెర మీద నల్లని ఆకాశంలో భూగోళం మెల్లగా తిరుగుతోంది. దాని ఒంటి నిండా తెల్లని చుక్కలు. చుక్క ఉన్న చోటల్లా ఇలాంటి డబ్బా ఒకటి నడుస్తున్నట్టు. పక్కన పూసల దండలాంటిది ఒకటి తనలో తాను మెలికలు పడుతోంది. దాని కింద అంకె. కొన్నాళ్ళుగా ఆ ఇంటి ప్రాణమంతా ఆ అంకె మీదే నిలిచి ఉంది.

డబ్బా మహిత అన్న శ్రావణ్‌కుమార్‌ది. రుద్రారంలో ఇంజనీరింగ్ చదివేటప్పుడు, హాస్టల్ ఖాళీ చేసి పోతున్న సీనియర్ దగ్గర సగం ధరకు తెచ్చుకున్నాడు. సెలవుల్లో దానితో కార్లు తోలాడు, బంతులాడాడు. ఒక ఆదివారం అందరినీ పిలిచి ఈ భూగోళం చూపించాడు. "నేను ఆడనప్పుడు ఇది ఊరికే ఉంటది గద. లోకంల గిసొంటి డబ్బాలన్ని తలా ఇంత లెక్క చేసిపెడ్తయ్. రోగాలు ఎందుకొస్తయో చదివేటోళ్ళకు పంపుతయ్." ఏ రోగాలని ఇందిరమ్మ అడిగితే, క్యాన్సర్ గిట్ల అన్నీ అన్నాడు. అప్పటికి ఆ ఇంట్లో ఆ రోగం పేరుతో ఎవరికీ పని పడలేదు.

శ్రావణ్ చెప్పిందంతా విని తలూపింది చంద్రకాంత్ ఒక్కడే. అంకె పెరగడం చూసి, "సమజైంది. ఇది బ్యాచ్," అన్నాడు.

ఆ ఊళ్ళో ఇంటికొకరు మందుల కంపెనీలో పనిచేస్తారు. బ్యాచ్ అంటే ఏమిటో బడికి పోని పిల్లలకు కూడా తెలుసు. రియాక్టర్‌లో సరుకు పోస్తారు, కాగబెడతారు, కలుపుతారు. బ్యాచ్ పూర్తయితే మందు పొడి దిగుతుంది. మధ్యలో కరెంటు పోతే బ్యాచ్ పాడవుతుంది. మొదలైన బ్యాచ్ ఆగకుండా నడిస్తే మందు వచ్చి తీరాలి. వాళ్ళు కళ్ళతో చూసిన సంగతి అది. అందులో అనుమానం ఎవరికి వస్తుంది?

శ్రావణ్ పుణెలో ఉద్యోగానికి పోయాడు. డబ్బా ఇక్కడే ఉండిపోయింది. వానలు మొదలయ్యే రోజుల్లో చంద్రిక రొమ్ములో గడ్డ తేలింది.

సంగారెడ్డి డాక్టరమ్మ చేతితో చూసి, పరీక్షలు రాసి, పట్నం పోయి తీయించుకొమ్మంది. చంద్రిక అత్తగారి చుట్టాల్లో ఒకామెకు అలాగే తీశారు. ఏడాది నిండకుండా ఆమె పోయింది. ఆ భయంతో చంద్రిక పుట్టింటికి వచ్చింది. వచ్చిన సాయంత్రమే ఇందిరమ్మ కూతుర్ని తెర ముందు కూర్చోబెట్టి, "మనింట్లనే మందు తయారైతుంది బిడ్డా, కోయిచ్చుకునుడెందుకు," అన్నది.

ఆ సాయంత్రం నుంచి చంద్రిక చాప అక్కడే ఉంది. మొన్న చూసిన పట్నం డాక్టరు గడ్డ చంకలోకి పాకిందన్నాడు.

"బావా, నువ్వన్న చెప్పు," అన్నాడు శివకుమార్.

చంద్రకాంత్ గోడకు ఆనుకుని కూర్చున్నాడు. రాత్రంతా రియాక్టర్ దగ్గర నిలబడ్డ మనిషి. అతను ఇంటికి వస్తే అతనికంటే ముందు ఆ ఘాటు వాసన వస్తుంది. "ఏం చెప్పాలె బావా. బ్యాచ్ ఆఖర్ల ఉన్నది. గంటల అయిపోతది. ఇప్పుడు గుంజుకపోతే దాని పానమంత ఈడనే ఉంటది."

"ఇంట్ల గూడ డ్యూటీ చేస్తున్నవా ఏంది?"

"గట్ల కాదు..."

"మరెట్ల? బ్యాచట. మందట. ఊరోళ్ళు నవ్వుతున్నరు."

"ఊరోళ్ళేం నవ్వుతలేరు," అన్నది ఇందిరమ్మ. "పక్కింటి పోశమ్మ తన మోకాళ్ళ కాగితాలు సుత తెచ్చింది, దీంట్ల పెట్టమని. నేనే వద్దన్న. ముందుగాల నా బిడ్డది కానీ అన్న."

శివకుమార్ టీవీ బల్ల వైపు నడిచాడు. సంగారెడ్డిలో మోటార్లకు వైండింగ్ చేసే దుకాణం అతనిది. స్విచ్చులు, తీగలు అతనికి చేతి వేళ్ళలాంటివి. వంగి ప్లగ్గు మీద చెయ్యి వేశాడు.

ఇందిరమ్మ పీట మీద నుంచి లేచి అతనికీ డబ్బాకూ మధ్య నిలబడింది. ఆమె చేతిలో విసనకర్ర ఉంది. డబ్బా వేడెక్కితే ఆగిపోతుందని మనవడు చెప్పినప్పటి నుంచి ఆమె దానికి విసురుతూ ఉంటుంది. కన్నబిడ్డలకు కూడా అంతగా విసిరి ఉండదు.

"తీయి అల్లుడా. నన్ను దాటి తీయి."

"అత్తమ్మా, జరుగుండ్రి."

"తీయనీ అమ్మా," అన్నది చంద్రిక. గొంతు పెంచలేదు. "తీస్తే తీయనీ. కానీ ఆ కారు ఖాళీగనే పోతది. నేను ఈ చాప మీద సస్త గని లెవ్వ."

శివకుమార్ చెయ్యి ప్లగ్గు మీద అలాగే ఉంది. తర్వాత ఆ చెయ్యి కిందికి వచ్చింది.

"ఇన్వర్టర్ ఎందుకన్నవే నాతోని?" అన్నాడు, నేల వైపు చూస్తూ. "అమ్మకు ఉక్కపోస్తది, ఫ్యాన్ తిరగాలె, తెచ్చి పెట్టు, పెడితె పట్నం వస్త అన్నవ్. నిన్న పొద్దూకంగ నా చేతులతోని బిగిచ్చిన. గిందుకా?"

చంద్రిక అంకె వైపే చూస్తోంది.

నిన్న తను ఫ్యాన్‌కు వేసిన తీగ ఎవరో ఊడదీశారని శివకుమార్ అప్పుడు తల ఎత్తి చూశాడు. ఇన్వర్టర్ నుంచి వచ్చిన తీగ టీవీకి, డబ్బాకు, ఫోన్ పక్కన మినుకుమనే ఇంటర్నెట్ పెట్టెకు పోయింది. ఫ్యాన్ మళ్ళీ దాని పాత స్విచ్చు మీదే ఉంది.

అతను బయటికి పోయి కారు బానెట్‌కు ఆనుకుని నిలబడ్డాడు. డ్రైవర్ ఏదో అడిగితే చెయ్యి ఊపాడు. పోదామనా, ఉందామనా, ఆ చెయ్యికే తెలియనట్టుంది.

వంటింట్లో అన్నపూర్ణ దవాఖానకు కావలసినవి సర్దుతోంది. రెండు చీరలు, తువ్వాలు, ఉప్మా పెట్టిన డబ్బా, మూత బిగుసుకోని నీళ్ళ సీసా. మహిత ఆ మూతను తిప్పి తిప్పి బిగించబోతోంది.

"మహీ." అన్నపూర్ణ గొంతు తగ్గించింది. "నిజం చెప్పు. నూరైతే ఏమైతది?"

మహిత మూత తిప్పుతూనే ఉంది.

"నువ్వు ఇంగ్లీషు చదువుతవు గద. ఆ టీవీల ఏం రాస్తుందో నీకు తెల్వదా?"

తెలుసు. వేసవి సెలవుల్లోనే తెలిసింది. ఇంట్లో వాళ్ళంతా పొలానికి పోయిన ఒక మధ్యాహ్నం మహిత ఒక్కతే తెర ముందు కూర్చుని ఉంది. అంకె నూరైంది. పని పూర్తయిందని, పంపిస్తున్నానని తెర మీద రాసింది. పూసల దండ మాయమైంది. ఇంకో దండ వచ్చింది. కింద సున్న. తర్వాత కూడా అలాగే అయింది, చాలాసార్లు. చంద్రికతో సహా అందరూ నిద్రపోయాకో, చేనుకు పోయాకో అయ్యేది. తిరిగి వచ్చి చూసేసరికి అంకె చిన్నగా ఉండేది. "పాడు కరెంటు, మళ్ళ మొదటికి తెచ్చింది," అనేది ఇందిరమ్మ. రోజూ కరెంటు పోతూనే ఉండేది కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు.

అందరూ కరెంటును తిడుతుంటే మహిత గుమ్మం దగ్గర నిలబడి వినేది.

వినాయక చవితికి శ్రావణ్ ఫోన్ చేసినప్పుడు అడిగింది. మొదట అతను నవ్వాడు. అత్తమ్మ ఆపరేషన్ వద్దని దీని కోసం కూర్చుందని చెప్పేసరికి నవ్వు ఆగిపోయింది.

"అది మందు తయారు చెయ్యదు మహీ. పెద్ద లెక్కల ఒక చిన్న ముక్క. గసొంటి ముక్కలు లచ్చలుంటయ్. ఏండ్లకేండ్లు చేసినంక ఎవరికో ఏదో సమజైతది. గంతే."

"మరి నానమ్మకు చెప్పు అన్నా."

"ఫోన్ల చెప్పే ముచ్చట కాదది. నువ్వు పక్కనున్నవ్ గద. మెల్లగ అత్తమ్మకు చెప్పు."

ఆ తర్వాత ఎప్పుడు ఫోన్ చేసినా చివర్లో "చెప్పినవా?" అనేవాడు. మహిత "చెప్త" అనేది. కొన్నాళ్ళకు అతను అడగడం మానేశాడు.

ఇదంతా మహిత తల్లికి చెప్పలేదు. మూత మీద ఆమె వేళ్ళు ఆగిపోయాయి, అంతే. అన్నపూర్ణకు అది చాలింది. కూతురి మౌనాలన్నీ ఆమెకు విడివిడిగా తెలుసు.

ఆమె సంచి జిప్పు లాగింది.

"ఇప్పుడైతే నోరిప్పకు," అన్నది. "నూరైతే లేస్తనని ఒట్టు పెట్టింది గద. కానీ, లేవనీ. బండి ఎక్కినంక ఏదైతే గదైతది."

మహిత తల ఊపింది. నోరు విప్పకపోవడం ఆమెకు చేతనైన ఒకే ఒక పని.

"ఏం కోడలా, ఏడున్నవ్? ఇటు రా," అని చాప మీద నుంచి చంద్రిక పిలిచింది.

మహిత వచ్చి పక్కన కూర్చుంది. చంద్రిక ఆమె జడ అందుకుని రబ్బరు బ్యాండు తీసింది. కుడి చేత్తోనే పాయలు విడదీస్తోంది. ఎడమ చెయ్యి ఒళ్ళో వాలి ఉంది. మొన్న బతుకమ్మ నాడు కూడా ఆ చెయ్యి లేవలేదు. అందరూ వంగి లేస్తూ చప్పట్లు కొడుతుంటే, చంద్రిక కుడి చేత్తో తొడ మీద చరుస్తూ మూడు చుట్లు తిరిగి పక్కకు వచ్చి కూర్చుంది.

"జడెవరేసిన్రు? గొర్రు తోలినట్టున్నది."

"నేనే."

"మాట్లాడినవ్. పొద్దటిసంది ఇదే మొదలు. నీ నోరు నా కాడ తాకట్టు పెట్టినవా పిల్లా?"

అది పాత మాట. మహిత చిన్నప్పుడు చుట్టాలు వచ్చి పేరు అడిగితే చంద్రిక చెప్పేది. బళ్ళో టీచర్ ఎందుకు రాలేదని అడిగితే చంద్రిక పోయి చెప్పి వచ్చేది. పెళ్ళయి సంగారెడ్డి పోయేటప్పుడు, కారు కిటికీలోంచి తల బయటపెట్టి, "ఇగ నీ మాటలు నువ్వే మాట్లాడుకోవాలె," అన్నది. మహిత మాట్లాడుకోలేదు. చంద్రిక తిరిగి వచ్చేదాకా దాచిపెట్టుకుంది.

"గా చుక్క మనదే గద?" చంద్రిక భూగోళం వైపు గడ్డం ఊపింది. భారతదేశం తిరిగి వస్తోంది. మధ్యలో ఎక్కడో ఒక తెల్లని చుక్క.

"మనదే కావొచ్చు."

"కావొచ్చు ఏంది, మనదే. నేను పొద్దున లేవంగనే చూసేది దాన్నే. అది ఉన్నదంటె నేనున్న అనుకుంట." ఆమె పాయలు అల్లడం మొదలుపెట్టింది. ఒక చేత్తో అల్లిక నిలవక జారిపోతోంది. మళ్ళీ మొదటి నుంచి పట్టుకుంది. "నాకు సచ్చుడంటె భయం లేదు మహీ. మీ మామ నమ్మడు గని, నిజంగ లేదు. కోసుడంటెనే. బల్ల మీద పండవెట్టి, తెలివి లేకుంట చేసి, నాది నాకు తెల్వకుంట తీసుకపోతరు గద."

మహిత దగ్గర ఒక మాట ఉంది. బయటికి వచ్చేటంత చిన్నది కాదు.

"తొంభై తొమ్మిది," అన్నాడు గోడ దగ్గర నుంచి చంద్రకాంత్.

శివకుమార్ లోపలికి వచ్చాడు. వంటింట్లో నుంచి అన్నపూర్ణ సంచితో వచ్చింది. చంద్రిక చేతిలో జడ సగం అల్లి ఉండిపోయింది.

అప్పుడే కరెంటు పోయింది. ఫ్యాన్ మెల్లగా ఆగింది. టీవీ ఒక్కసారి రెప్ప వేసినట్టు అయింది. ఇన్వర్టర్ మూలలో కిర్రుమని అందుకుంది. తెర నిలబడింది. తొంభై తొమ్మిది అలాగే ఉంది.

"సూసినవా అల్లుడా, నీ చెయ్యి మంచిది," అన్నది ఇందిరమ్మ. ఆమె విసనకర్ర జోరుగా ఊపుతోంది.

శివకుమార్ ముఖం ఏడుపుకు దగ్గరగా ఉంది.

బయట కంపెనీ బస్సు ఒకటి హారన్ కొట్టుకుంటూ పోయింది. డబ్బా గుయ్‌మంటోంది. ఇంట్లో అందరి ఊపిరి అదే తీసుకుంటున్నట్టుంది.

నూరు.

చంద్రిక మహిత జడ వదిలేసి ముందుకు వంగింది. తెర మీద ఇంగ్లీషులో రెండు మాటలు వెలిగాయి. పూసల దండ కదలడం ఆపింది. అందరూ చూస్తుండగానే పలచబడి మాయమైంది.

కాసేపు నల్లటి తెర. అందులో తిరుగుతున్న భూగోళం మాత్రమే.

తర్వాత కొత్త దండ వచ్చింది. ఇంకోలా ఉంది. మెలికలు పడడం మొదలుపెట్టింది. కింద సున్న.

చంద్రకాంత్ లేచి తెర దగ్గరికి వచ్చాడు. డబ్బా వెనకకు వంగి చూశాడు, అక్కడ ఏదో దిగి ఉంటుందన్నట్టు. నడుము నిలిపి తెర వైపు మళ్ళీ చూశాడు.

"బ్యాచ్ అయిపోయింది గద," అన్నాడు. "మరి సరుకేది?"

జవాబు తెలిసిన మహిత నేల చూస్తోంది.

"ఇగ లే," అన్నాడు శివకుమార్. గొంతు మెత్తబడింది. భార్య వైపు చెయ్యి చాపాడు. "నూరైంది. ఒట్టు పెట్టినవ్. లే చంద్రికా, టైమున్నది ఇంక. పోదాం పా."

చంద్రిక ఆ చెయ్యి అందుకుంది. నిజంగానే అందుకుంది. ఒక మోకాలు చాప మీద ఆన్చి లేవబోయింది. అన్నపూర్ణ సంచి భుజానికి తగిలించుకుంది.

"ఆగు బిడ్డా," అన్నది ఇందిరమ్మ.

ఆమె తెరకు ముక్కు ఆనించేంత దగ్గరగా నిలబడి ఉంది. "ఇంకోటి సురూ అయింది సూడు. మీ కంపెనీల గూడ ఒక్క బ్యాచ్‌తోని మందు అయితదారా కొడకా?"

చంద్రకాంత్ తటపటాయించాడు. అబద్ధం చెప్పే మనిషి కాదు. "కాదే అమ్మా. ఒక బ్యాచ్‌ల అయిన సరుకు ఇంకో బ్యాచ్‌కు పోస్తరు. రెండు మూడు దాటినంకనే మందైతది."

"మరి గదే. మొదటిది అయింది, రెండోది నడుస్తుంది."

చంద్రిక మోకాలు చాప మీదికి తిరిగి వచ్చింది. భర్త చేతిలో నుంచి చెయ్యి జారింది. ఆమె ముఖంలోకి వెలుగు వచ్చింది. ఆ వెలుగు చూసి మహిత చాప మీద నుంచి లేచింది.

"రేపటికి అయితది," అన్నది చంద్రిక. "ఇన్వర్టర్ ఉన్నది గద, ఆగదు. ఇదొక్కటి. ఇది అయినంక నువ్వు ఏడికంటె గాడికి."

శివకుమార్ గడప మీద కూలబడ్డాడు. రెండు చేతులతో తల పట్టుకున్నాడు. ఇక అరిచే ఓపిక కూడా అతనిలో లేదు.

అన్నపూర్ణ కూతురి వైపు చూసింది. ఆ చూపులో ఇందాకటి మాట లేదు. ఏమీ లేదు.

"అత్తమ్మా, ఆగకు," అన్నది మహిత.

మాట్లాడింది ఎవరని ఇందిరమ్మ చుట్టూ చూసింది.

"ఆగితే ఇంకోటి వస్తది. దాని తర్వాత ఇంకోటి. ఇంతకుముందు గూడ నూరయింది."

"ఎప్పుడయిందే? కరెంటు పోయి మొదటికి..."

"కరెంటు పోయి కాదు నానమ్మా. నూరయ్యే మొదటికొచ్చింది. చానాసార్లు. నేను చూసిన." మాటలు ఒకదాన్నొకటి తోసుకుంటూ వస్తున్నాయి. ఆపితే మళ్ళీ రావని ఆమెకు తెలుసు. "దీంట్ల మందు లేదు. ఇది బ్యాచ్ కాదు. ఎక్కడనో చదువుకునేటోళ్ళ లెక్క ఇది. ఎన్నేండ్లకో, ఎవరికో పనికొస్తది. మనకు కాదు."

డబ్బా నడుస్తూనే ఉంది. సున్న ఇంకా సున్నగానే ఉంది.

"ఎవరు చెప్పిన్రు?" అన్నది చంద్రిక.

"అన్న."

"ఎప్పుడు?"

"వినాయకచవితికి."

చంద్రిక మనసులో రోజులు వెనక్కి నడిచాయి. అవి ఎక్కడ ఆగాయో ముఖం మీద కనిపించింది. చవితి నాటికి గడ్డ చింతగింజంత ఉండేది. చంకలోకి రాలేదు.

"బతుకమ్మ నాడు నా చెయ్యి లేస్తలేదని నువ్వు నూనె రాసినవ్," అన్నది. "అప్పుడు ఎరుకనా?"

మహిత తల ఊపింది.

"నోటితోని చెప్పు."

"ఎరుకనే."

ఇందిరమ్మ చేతిలో విసనకర్ర ఆగిపోయింది. చంద్రకాంత్ గోడ దగ్గరికి పోయి, ముందు కూర్చున్న చోటే కూర్చున్నాడు. "బ్యాచని నేనే అన్న," అన్నాడు, ఎవరితోనూ కాదు. గడప మీద శివకుమార్ తల ఎత్తి పిల్లను చూశాడు. అతను ఏమన్నా అంటాడేమోనని అన్నపూర్ణ ముందుకు వచ్చింది. అతను ఏమీ అనలేదు. అంటే బాగుండేది.

చంద్రిక తనంతట తాను లేచింది. ఎవరి చెయ్యీ పట్టుకోలేదు. కారు వైపు నడుస్తుందనుకున్నారు అందరూ. శివకుమార్ గడప మీద నుంచి లేచి దారి ఇచ్చాడు. ఆమె వెనక్కి తిరిగి నడిమింట్లోకి, తను పడుకునే గదిలోకి పోయింది.

చీర మార్చుకుంటుందేమో అనుకుంది మహిత. తల్లి భుజం మీద నుంచి సంచి తీసుకుంది. గుమ్మం దగ్గర అత్తమ్మ చెప్పులు కనబడితే అవీ తీసుకుంది. సగం అల్లిన జడ విడిపోయి మెడ మీద పడుతోంది.

గది గుమ్మంలో చంద్రిక నిలబడి ఉంది. ఒక చెయ్యి తలుపు మీద ఉంది.

"కారు ఉన్నది అత్తమ్మా. ఇప్పుడు పోతే అందుతది." ఈ మాట మహిత ఎవరి సాయం లేకుండా చెప్పింది.

చంద్రిక ఆమె చేతిలోని సంచిని చూసింది. చెప్పులను చూసింది. కోపంతో చూసి ఉంటే మహిత తట్టుకునేది. అవి ఎవరివో గుర్తుపట్టనట్టు చూసింది.

"ఇన్నొద్దులు మాట్లాడకుంటివి," అన్నది. "ఇంకొక్క రోజు మాట్లాడకుంటె ఏమైతుండె?"

తలుపు మూసుకుంది. లోపల గడియ పడింది.